మామూలు హోస్టాలతోనే మడి నింపాలని ఉంది, ఏవి నమ్మకమైనవి?

నీడపట్టు:

అందరికీ నమస్కారం. మా ఇంటి వెనక మేపుల్ చెట్టు కింద 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న మడి ఖాళీ అయింది. పొద్దున తొమ్మిది దాకా ఏటవాలు ఎండ పడుతుంది, ఆ తర్వాత రోజంతా నీడే. చలికాలంలో నేల గట్టిగా గడ్డకడుతుంది, కాబట్టి నీడలో ఆకుల అందం కోసం పెంచుకునే హోస్టా మొక్కలకు కావలసిన చలికాలపు నిద్రకు ఇక్కడ లోటు లేదు.

మడి ఎందుకు ఖాళీ అయిందో కూడా చెప్పాలి. ఐదేళ్ళ కిందట తోటపని మొదలుపెట్టినప్పుడు హోస్టాల ఫోటోలు చూసి మనసు పారేసుకున్నాను. అందరి దగ్గరా ఉన్నవి నాకెందుకని, అరుదైన వాటిని వెతికి మరీ తెప్పించుకున్నాను. వాటిలో 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' మీద ఎంత ఆశ పెట్టుకున్నానో చెప్పలేను. మధ్యలో పసుపు, చుట్టూ నీలి ఆకుపచ్చ అంచు, చూస్తే చూపు తిప్పుకోలేం. మొదటి ఏడాది ఆరు ఆకులు వేసింది, రెండో ఏడాది నాలుగు, మూడో ఏడాది రెండు. నాలుగో వసంతంలో మే నెలాఖరు దాకా ఎదురుచూసి, మట్టి తవ్వి చూస్తే మెత్తబడిన వేరు ముక్క ఒకటి చేతికొచ్చింది. మరో రెండు రకాలదీ ఇంచుమించు ఇదే కథ.

ఇవే ఐదేళ్ళలో ఇంకో మొక్క ఏం చేసిందో చూడండి. పక్కింటి పెద్దావిడ తన దుబ్బు చీల్చి, తడిపిన పాత పేపరులో చుట్టి మూడు పిలకలు ఇచ్చారు. పేరు ఆవిడకూ తెలియదు. పచ్చటి ఆకు, చుట్టూ సన్నటి తెల్ల అంచు. గోడ పక్కన, ఎవరూ పట్టించుకోని మూలలో పెట్టాను. ఈ వసంతంలో లెక్కపెడితే 26 మొలకలు! పోయిన ఏడాది పైపు పని కోసం ఆ మూల తవ్వినప్పుడు ఒక ముక్క మట్టికుప్ప పక్కన పడిపోయింది, నేను చూసుకోలేదు. మూడు వారాల తర్వాత కనబడితే పాతి నీళ్ళు పోశాను. అది కూడా ఈ ఏడాది ఐదు మొలకలతో లేచింది.

హోస్టాలు సేకరించే స్నేహితుడికి చూపిస్తే, "ఇది ప్రతి వీధిలోనూ ఉండేదే కదా" అన్నాడు. ఆ మాట నిజమే. అయినా నాకిప్పుడు ఆ మడి అంతా ఇలాంటి వాటితోనే నింపాలని ఉంది. మీ చేతుల మీదుగా ఏళ్ళ తరబడి నిలబడిన రకాలు ఏవో చెప్పండి. నా దగ్గరున్న పేరులేనిది ఏమై ఉంటుందో కూడా ఎవరైనా పోల్చగలిగితే సంతోషిస్తాను.

---

మట్టిచేతులు:

నీడపట్టు గారూ, ప్రతి వీధిలోనూ ఉంటుందన్న మాట చదివి జవాబు రాయకుండా ఉండలేకపోయాను. పేరు నమోదైన హోస్టా రకాలు వేలల్లో ఉన్నాయి. వాటిలో ఒకటి వీధి వీధికీ చేరిందంటే ఏటా పిలకలు పెట్టి ఉండాలి, చీల్చినా చావకుండా ఉండాలి, గట్టి మట్టిలో, ఇటుక గోడ నీడలో, నీళ్ళు పోయడం మరిచిపోయే వాళ్ళ దగ్గర కూడా బతికి ఉండాలి. ఆ మొక్కను చిన్నచూపు చూడటం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

నేను హోస్టాలు పెంచడం మొదలుపెట్టి 22 ఏళ్ళు అయింది. ఒక దశలో 70 పైచిలుకు రకాలు ఉండేవి. ఇప్పుడు 18 ఉన్నాయి. మిగిలినవాటిని నేను ఎంచుకోలేదు, అవే మిగిలాయి.

అన్నిటికంటే ముందు 'ఫ్రాన్సీ' గురించి చెప్తాను. మా అమ్మాయి పుట్టిన ఏడాది నాటాను, ఇప్పుడు తనకు పంతొమ్మిదేళ్ళు. రెండుసార్లు ఇల్లు మారాం, రెండుసార్లూ ఈ దుబ్బు బకెట్‌లో మా వెంటే వచ్చింది. రెండోసారి నడివేసవి. ఆకులన్నీ వడలి బకెట్ అంచు మీదుగా వాలిపోయాయి, ఇక పోయిందనుకున్నాను. కొత్త ఇంట్లో పాతిన మరుసటి వసంతంలో ఏమీ జరగనట్టు లేచి నిలబడింది. ముదురాకుపచ్చ, హృదయాకారపు ఆకు, చెక్కినట్టు తెల్లటి అంచు. ఇది మిగతావాటి కంటే కొంచెం ఆలస్యంగా నేల చీల్చుకుని వస్తుంది, అందుకే మా తోటలో వసంతపు చివరి చలి దెబ్బ దీనికి తగలడం అరుదు. మొలక పెన్సిలంత లావున ఉన్నప్పుడు ఒకసారి నేల మీద కూర్చుని దగ్గరగా చూడండి. ఆకు ఇంకా చుట్టలోనే ఉంటుంది, ఆ చుట్ట చుట్టూ తెల్ల అంచు సన్నటి దారంలా మెలికలు తిరుగుతూ మొన దాకా పాకుతుంది. రెండు రోజుల్లో ఆ మెలిక విప్పుకుంటుంది. పంతొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను, ఆ రెండు రోజులూ నేను ఊరు వెళ్ళను.

ఫ్రాన్సీ పేరు 1986లో నమోదైంది, మిన్నీ క్లాపింగ్ దాన్ని తీసుకొచ్చారు. ఫ్రాన్సీలోనే ఒక పిలక అంచు వెడల్పుగా, ఇంకా తెల్లగా తిరిగి పుడితే అదే 'పేట్రియట్' అయింది. 1991లో నమోదై, 1997లో ఆ ఏటి ఉత్తమ హోస్టాగా ఎంపికైంది. దూరం నుంచి చూస్తే పేట్రియట్ మెరుస్తుంది. కానీ ఆకులో తెలుపు పెరిగితే ఎండను ఆహారంగా మార్చే పచ్చదనం ఆ మేరకు తగ్గుతుంది. నా దగ్గర రెండూ పక్కపక్కనే ఉన్నాయి, దుబ్బు నిండటంలో ఫ్రాన్సీదే పైచేయి. ఒకటే పెట్టాలంటే ఫ్రాన్సీ పెట్టండి.

నీలానికి 'హాల్సియన్'. ఇంగ్లండ్‌లో ఎరిక్ స్మిత్ 1961లో చేసిన సంకరాల్లోంచి వచ్చింది. ఇన్నేళ్ళలో ఇంకా ఎన్నో నీలి రకాలు వచ్చాయి, నేనూ చాలా పెంచాను, దీని స్థానంలో పెట్టదగినది నాకు కనబడలేదు. అసలు ఆ నీలం ఆకు రంగు కాదు. ద్రాక్షపండు మీద ఉండే బూడిదలాంటి మైనపు పూత ఉంటుందే, అదే ఇక్కడా ఉంటుంది. ఎండకు, వానకు, చేతి రాపిడికి అది పోతుంది, కింద ఉన్న ఆకుపచ్చ బయటపడుతుంది. ఒకసారి ఇంటికొచ్చిన బంధువు ఒకావిడ ముచ్చటపడి ఆకును నిమిరారు. నాలుగు వేళ్ళ గుర్తులు ఆ ఆకు మీద చలికాలం వచ్చేదాకా అలాగే ఉండిపోయాయి. కాబట్టి దీన్ని మడిలో వెనక వరసలో, మధ్యాహ్నపు ఎండ అసలు పడని చోట, దారికి దూరంగా పెట్టండి. నీళ్ళు ఆకుల మీద కాకుండా మొక్క మొదలు దగ్గర పోయండి. 2001లో ఉత్తమ హోస్టాగా ఎంపికైన 'జూన్' కూడా హాల్సియన్‌లో రంగు మారిన పిలకే, అదీ గట్టిదే.

వాసన కావాలంటే 'రాయల్ స్టాండర్డ్'. ఆకు మామూలు పచ్చ ఆకే, నర్సరీలో దాన్ని దాటుకుని వెళ్ళిపోతాం. వేసవి చివర్లో తెల్లటి పూలు విచ్చుకున్నాక, సాయంత్రం వాకిట్లో నిలబడితే అప్పుడు అర్థమవుతుంది. చైనాకు చెందిన ప్లాంటాజీనియా జాతి రక్తం దానిలో ఉంది, హోస్టాల్లో పరిమళం ఆ వంశానిదే. పేటెంటు 1965 నాటిది. ఇప్పటికీ దొరుకుతోందంటే ఊరికే కాదు. మీ మడిలో పొద్దుటి ఎండ పడే కొస దీనికి ఇవ్వండి, మిగతావాటి కంటే ఎండను ఎక్కువ ఓర్చుకుంటుంది.

ముందు అంచుకు 'గోల్డెన్ టియారా' చాలు. చిన్న ఆకు, పసుపు అంచు, త్వరగా అల్లుకుంటుంది, 1977 నుంచి తోటల్లో ఉంది. 'సమ్ అండ్ సబ్‌స్టెన్స్' కూడా చెప్పాలి కానీ 4 అడుగుల మడిలో దానికి చోటు చాలదు, దుబ్బే 5 అడుగులు దాటి పరుచుకుంటుంది. వేరే మూల ఉంటే ఒక్కటి పెట్టుకోండి. దళసరి ఆకు, నత్తలు అంత తేలిగ్గా కొరకలేవు.

అన్నిటికంటే నాకు దిగులు మీ మేపుల్ గురించే. దాని వేళ్ళు పైపైనే చాపలా అల్లుకుంటాయి, తవ్వి మంచి మట్టి పోస్తే రెండేళ్ళలో ఆ మట్టిలోకే వచ్చేస్తాయి. మీ గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్ అసలే నెమ్మదిగా పెరిగే రకం, ఆ వేళ్ళతో పోటీ పడలేక కూడా పోయి ఉండవచ్చు. మొదటి రెండు వేసవుల్లో వారానికోసారి నేల లోపలి దాకా తడిచేలా నీళ్ళు పెట్టండి. పైపైన చల్లితే చెట్టే తాగేస్తుంది.

మీ పేరులేని దానికి రెండు గుర్తులు చూసి చెప్పండి: ఆకు దళసరిగా ఉందా, పలచగా అలలు తిరిగి ఉందా? పూలు వేసవి మొదట్లోనా, నడివేసవి దాటాకా?

---

చినుకుజాడ:

మట్టిచేతులు గారు చెప్పిన జాబితాతో నాకు పేచీ లేదు, ఒక్క సంగతి జోడిస్తాను. మామూలువన్నీ నమ్మకమైనవి కావు. 'ఫ్రాన్సెస్ విలియమ్స్' చూడండి. ఆ పేరుగల ఆవిడ 1936లో కనెక్టికట్‌లోని ఒక నర్సరీ వరసల్లో ఈ పసుపు అంచు మొక్కను గుర్తించారు. అప్పటి నుంచి చాలా తోటల్లో ఉంది. మా ఇంట్లో పదకొండేళ్ళుగా ఉంది, నాకు ప్రాణం. అయినా ఏటా వసంతంలో ఆ పసుపు అంచు గోధుమ రంగుకు మాడి కాగితంలా చిరుగుతుంది. ఎంత నీడలో పెట్టినా కొంత మాడుతూనే ఉంది. అది తెలిసి, ఒప్పుకుని పెట్టుకోవాలి. అలాంటి పెద్ద ముడతల ఆకే కావాలి, మాడకూడదు అనుకుంటే అంచు లేని 'ఎలెగాన్స్' మేలు. జర్మనీలో గేయోర్గ్ ఆరెండ్స్ 1905లో పెంచింది. పూర్తి రూపు రావడానికి ఐదారేళ్ళు పడుతుంది, మొదటి రెండేళ్ళు చూసి తప్పు రకం ఇచ్చారేమోనని అనుమానపడకండి. నేను పడ్డాను, తవ్వి చోటు కూడా మార్చాను, దాంతో ఇంకో ఏడాది వెనకబడింది.

ఇక నత్తలు. గుల్ల లేనివే అసలు ప్రమాదం. పగలు చూస్తే ఒక్కటీ కనబడదు, ఆకుల నిండా చిల్లులు మాత్రం ఉంటాయి. వాన పడిన రాత్రి పది దాటాక టార్చి పట్టుకుని వెళ్ళండి. ఆకు తిరగేస్తే ఈనె పక్కన అంటుకుని ఉంటాయి, కదిలిన దారంతా వెండి పూసినట్టు మెరుస్తుంది. మొదటి ఏడాది ఒక్క రాత్రిలో 83 ఏరాను. ఏరి సబ్బునీళ్ళ డబ్బాలో వేయడమే నా పద్ధతి. ఓపిక లేని రోజుల్లో ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు పలచగా చల్లుతాను. అయితే అసలు పని శరదృతువులో ఉంది. చలికి కూలిన హోస్టా ఆకులను అలాగే వదిలేస్తే వాటి కిందే గుడ్లు పెడతాయి. అవన్నీ ఎత్తేయడం మొదలుపెట్టాక మరుసటి ఏడాదికే తేడా కనబడింది.

ఇంట్లో కుక్క గానీ పిల్లి గానీ ఉంటే ఒక జాగ్రత్త. హోస్టా ఆకుల్లో సాపోనిన్లు అనే, వాటికి పడని పదార్థాలు ఉంటాయి, నమిలితే వాంతులు, విరేచనాలు అవుతాయి. మా కుక్కపిల్ల లేత మొలకలు కొరికి ఒక రాత్రంతా ఇబ్బంది పడింది. అది పెద్దదయ్యే దాకా చిన్న తడిక కట్టాను.

---

నీడపట్టు:

ఇంత ఓపికగా రాసినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. పొద్దునే వెళ్ళి చూశాను. విచ్చుకున్న ఆకులు నాలుగైదు ఉన్నాయి. వేళ్ళ మధ్య పట్టుకుంటే పలచగా ఉన్నాయి, అంచు అలలు అలలుగా ఉంది, కొస కొంచెం పక్కకు మెలితిరిగింది. అంచు తెలుపే అనుకున్నాను కానీ కొత్త ఆకులో మీగడ రంగు. ఆ రంగు అక్కడక్కడా గీతలుగా ఆకు లోపలికి కూడా దిగింది. పోయిన ఏడాది ఫోటోలు తిరగేస్తే జూన్ చివరికే లేత ఊదా పూలు పూసేశాయి.

ఇంకో సందేహం. ఆ 26 మొలకల దుబ్బును ఇప్పుడు చీల్చవచ్చా? మొలకలు 2, 3 అంగుళాలు లేచాయి, నాలుగైదు మాత్రం విచ్చుకున్నాయి. వాతావరణ సూచనలో వచ్చే వారం రెండు రాత్రులు సున్నా కిందికి వెళ్తుందని ఉంది.

---

మట్టిచేతులు:

మీరు చెప్పిన గుర్తులన్నీ 'అన్‌డ్యులేటా ఆల్బోమార్జినాటా'వే. పలచటి ఆకు, అల, లోపలికి దిగిన గీతలు, తొందరగా వచ్చే పూలు, అన్నీ సరిపోయాయి. పాత తోటల్లో విరివిగా కనిపించేది ఇదే. ఈ గుంపు మొక్కలు దాదాపుగా విత్తనం కట్టవు. అంటే మీ గోడ పక్కకు చేరేదాకా ఒక్కో దుబ్బును ఎవరో ఒకరు చీల్చి, ఇంకొకరి చేతిలో పెడుతూ వచ్చారు. పక్కింటి పెద్దావిడ కూడా ఆ వరసలో ఒకరు. దీని బలహీనత కూడా చెప్తాను. ఆకు పలచన కాబట్టి వేసవి చివరికి అంచులు ఎండి అలసిపోయినట్టు కనబడుతుంది. అందుకని ముందు వరసలో పెట్టవద్దు, బాగా నీడ ఉన్న కొసన పెట్టి దాని ముందు గోల్డెన్ టియారా వేయండి.

చీల్చడానికి ఇదే అదను. కానీ ఆ రెండు చలి రాత్రులు పోనివ్వండి. తెరుచుకున్న లేత ఆకుకు గడ్డకట్టే చలి తగిలితే మరునాటికి ఉడికించినట్టు మెత్తబడుతుంది. సాయంత్రం బకెట్లు బోర్లించి, పొద్దున ఎండ రాగానే తీసేయండి. తర్వాత దుబ్బు మొత్తాన్ని చుట్టూ తవ్వి ఎత్తండి. నీళ్ళతో మట్టి కడిగేస్తే ఏ పిలక ఎక్కడ విడుతుందో వేళ్ళకే తెలుస్తుంది, చేత్తోనే చాలావరకు విడిపోతాయి. ఒక్కొక్క పిలక విడదీయవద్దు, మూడు నాలుగు కలిపి ఉంచండి, ఆ ఏడాదికే దుబ్బులా కనబడుతుంది. ముందున్న లోతులోనే పాతండి.

విడిపోనిచోట కత్తి వాడితే మాత్రం ఒక మాట వినండి. 'గోల్డ్ స్టాండర్డ్' నాకు చాలా ఇష్టమైన మొక్క. పచ్చగా విచ్చుకుని, మధ్యభాగం వారాల మీద బంగారు రంగుకు తిరుగుతుంది. పన్నెండేళ్ళ కిందట నర్సరీ నుంచి తెచ్చిన ఒక మొక్క ఆకుల్లో ఈనెల వెంట పచ్చరంగు, తడి కాగితం మీద సిరా పాకినట్టు పక్కలకు పాకింది. కొత్త అందం అనుకుని మురిసిపోయి, అదే కత్తితో దాన్నీ, పక్కనున్న ఇంకో రెంటినీ చీల్చాను. అది హోస్టా వైరస్ ఎక్స్. 1996లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో బెన్ లాక్‌హార్ట్ దాన్ని గుర్తించారు. మొక్క రసం ద్వారా, మన పనిముట్ల ద్వారా వ్యాపిస్తుంది, మందు లేదు. గుర్తులు బయటపడటానికి ఒక్కోసారి ఏడాదికి పైనే పడుతుంది. మూడు దుబ్బులనూ వేళ్ళతో సహా పెకలించి చెత్తలోకి పంపాను, కంపోస్టులో వేయలేదు. మట్టిలో మిగిలిన వేరు ముక్క మళ్ళీ మొలిస్తే వైరస్ తిరిగి వచ్చినట్టేనని ఏడాదంతా ఆ చోటు ఖాళీగా ఉంచి చూస్తూనే ఉన్నాను. అప్పటి నుంచి ఒక దుబ్బు నుంచి ఇంకో దుబ్బుకు వెళ్ళేముందు కత్తిని సబ్బుతో కడిగి బ్లీచ్ నీళ్ళలో ముంచుతాను. పూలకాడలు కోసే కత్తెరనూ అంతే. మీరు కొత్తగా తెచ్చే ఫ్రాన్సీ, హాల్సియన్‌లను కూడా మొదటి వేసవి అంతా ఈనెల దగ్గర గమనిస్తూ ఉండండి.

చినుకుజాడ గారు ఫ్రాన్సెస్ విలియమ్స్ గురించి రాసింది అక్షరాలా నిజం. మా ఇంట్లోనూ మాడుతుంది, నేనూ తీసేయలేను.

మొలకలు లెక్కపెట్టే అలవాటు నాకు ఇన్నేళ్ళూ లేదు. మీ 26 చదివాక నిన్న సాయంత్రం వెళ్ళి మా ఫ్రాన్సీవి లెక్కపెట్టాను. ఇంకా లేస్తూనే ఉన్నాయి, ప్రస్తుతానికి 41. మీరు నాటిన వాటి లెక్క వచ్చే వసంతంలో ఇక్కడే రాయండి.